అర అంగుళం

పీణ్య రెండో స్టేజీలో సమమైన నేల కోసం
పొద్దున్నుంచీ వెతుకుతున్నాం.
షెడ్డు ముందు కాలువ వైపు వాలు.
మలుపులో స్పీడ్ బ్రేకరు.
కల్యాణ మండపం వాళ్ళ పార్కింగులోనూ
లెవెల్ సీసాలో బుడగ మధ్యకి రానంది.
"బెంగళూర్లో చదును యాడుంటాది మేడమ్,
ఊరే గుట్టలమీద కూచోనుంటే"
అని నవ్వి, హిందూపురం దస్తగిరి
పక్క సైటు మేస్త్రీని నీళ్ళ ట్యూబు అడిగి తెచ్చాడు.

ట్యూబు ఒక కొస నా చేతిలో,
ఇంకో కొస ట్రైలర్ వెనక అతని చేతిలో.
మధ్యలో నీళ్ళు
ఊగాయి, ఊగాయి,
ఒకచోట ఇద్దరికీ ఒకే మాట చెప్పి ఆగాయి.
చక్రాల కింద పలకలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి
ట్రైలర్ నడుం నిటారు చేశాం.
నేల నుంచి కప్లరుకి పద్దెనిమిది అంగుళాలు.
షట్టరు మీద సుద్దతో రాశాడు, పాల లెక్కలా.

బొలెరో వెనక బాల్ ఇరవై రెండు.
తీసివేత చేసి నాలుగు అన్నాను.
దస్తగిరి స్పానరు కింద పెట్టాడు.
"ఖాళీ బండికి కొల్త తీస్తే
ఖాళీగానే పోవాల మేడమ్."

టెలిఫోను ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్ళు
తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని.
వెంట్రుకవాసి తేడాకి ఎర్ర చుక్క పెట్టి
ఎందరి మొహాలు మాడ్చానో.
ఆ మాట నాకు తట్టలేదు.

ఇక ఎక్కించాం.
అరవై లీటర్ల నీళ్ళు, చిన్న సిలిండరు, మడత మంచం,
దోసె పెనం, అందరూ వద్దన్న కుట్టు మిషను.
ట్రైలర్ ముక్కు బరువు తూచడానికి
పాత ఇనుము కొట్టు మునిరత్న
తన కాటా దొర్లించుకుంటూ వచ్చింది.
"కిలో ఎంతకిస్తావక్కా?" అని నవ్వింది.
మొత్తంలో పదో వంతు ముక్కు మీద ఉండాలట.
ఉండాల్సిన దానికి ఆరు కిలోలు తక్కువ.
కుట్టు మిషను ముందుకి జరిపాం.

"మీరు ఎక్కి కూచోండి."
కూర్చున్నాను. స్ప్రింగులు మూలిగాయి.
"పక్క సీట్లో ఎవరు?"

రోడ్డు మీద మెటల్ లారీ ఒకటి పోయింది,
చాలాసేపు పోయింది.

జవాబు కోసం ఆగలేదు అతను.
మేస్త్రీ దగ్గరున్న సిమెంటు మూట భుజానేసుకొచ్చి
నా పక్కన కూర్చోబెట్టి
బెల్టు కూడా పెట్టాడు, అలారం మోగుతోందని.
యాభై కిలోలు. బూడిద రంగు చొక్కా.
అద్దంలోంచి చూస్తే, నిజంగా,
కునుకు తీస్తున్న మనిషిలా ఉంది.
ఇరవై అర, అన్నాడు వెనకనుంచి.
రెండున్నర దించితే చాలు,
ప్లేటుకి రెండో రంధ్రం, అచ్చంగా సరిపోయింది.

"తీసెయ్" అన్నాను.

తీశాడు. మళ్ళీ టేపు పట్టాడు.
ఇరవై ఒకటి.
మనిషి లేకపోతే వచ్చే తేడా
అర అంగుళం.
నా పాత బల్ల మీద దానికి
ఎర్ర చుక్కలు ఒక డబ్బా ఖాళీ అయ్యేవి.

"కొంచెం కిందికుంటే నడుస్తాది.
పైకి మాత్రం లేవకూడదు మేడమ్,
ముక్కు లేస్తే తోక ఊపుతాది,
ఘాట్‌లో మన మాట వినదు."
పిన్ను లాగి మూడో రంధ్రానికి దించాడు,
బోల్టు బిగించాడు, పైపు తగిలించి ఇంకో సగం చుట్టు.
గొలుసులు అడ్డంగా వేశాడు, లైట్లు చూశాడు,
డబ్బులు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నేను తాళం తిప్పబోతుంటే
మళ్ళీ వంగాడు వెనకాల.
గ్రీజు డబ్బాలో వేలు ముంచి
ఖాళీ అయిన రెండో రంధ్రం అంచు చుట్టూ
నిదానంగా రాస్తున్నాడు.

"అదెందుకు? వాడటం లేదుగా."

"తుప్పు పట్టకుండా" అన్నాడు,
వేలు ప్యాంటుకి తుడుచుకుంటూ.